తప్పులుంటే నా మీద వేయండి

బస్సులో దారి పొడుగునా బెర్నబే పెదవులు కదులుతూనే ఉన్నాయి. జపం చేసుకుంటున్నాడనుకుని ఎదురు సీటు పెద్దాయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. జపం కాదని దెల్ఫినాకి ఒక్కదానికే తెలుసు. కిటికీలోంచి ఎర్రమట్టి దుమ్ము లోపలికి కొడుతోంది. ఆమె ఒళ్లో కర్రపెండలం పిండి, జున్ను కలిపి కాల్చిన రొట్టెల బుట్ట ఉంది. దాని మీద కప్పిన గుడ్డని సర్దుతూ మొగుడికేసి ఓరగా చూసింది.

"అయిందా, ఇంకా ఉందా?" అంది.

"ఏంటి?"

"నీ గొణుగుడు. నాలుగు ముక్కలకి తొమ్మిది గంటల ప్రయాణం సరిపోలేదా?"

"మధ్యలో ఆగిపోతే ఏం బావుంటుందే," అన్నాడు బెర్నబే. మళ్లీ పెదవులు కదిపాడు.

వాళ్ల ఊరు శాన్ ఎలియాస్‌లో పిల్లలు పాడటం వింత కాదు. గుడి ఉన్నప్పటినుంచీ పాడుతూనే ఉన్నారు. అయితే ఏ పిల్లైనా మొదటిసారి ఒంటరిగా పాడినప్పుడు, పాట అయ్యాక ఆ ఇంటి మనిషి ఒకరు కూర్చున్న చోటే లేచి జవాబు చెప్పాలి. తాత పేరు, పిల్ల పేరు చెప్పి, పాత భాషలో ఇలా అనాలి: "ఈ గొంతు మా ఇంటిది. మెప్పు దేవుడిది. తప్పులుంటే నా మీద వేయండి." ఆ మాట వినబడేదాకా పిల్ల తన వరుసలోకి వెళ్లదు, నిలబడే ఉంటుంది. ఇంటివాళ్లు లేకపోతే ఇంకెవరో లేస్తారు. లేచినవాళ్లు ఆ పిల్లకి ఇంకో తల్లో తండ్రో అయిపోతారు. ఇదంతా జీవితంలో ఒక్కసారే.

బెర్నబే పెంకులు చేస్తాడు. బంకమట్టిని చెక్క అచ్చు మీద పరిచి, తడిచేత్తో ఒక్క ఊపున నిమిరి, వంపు చెదరకుండా నేల మీదికి జారుస్తాడు. ఈ ప్రయాణం కోసం పన్నెండు రోజులు చీకటితో లేచి పని ముగించాడు. అతని వేళ్లు ఎండిన చెరువులా పగిలిపోయాయి. బయల్దేరే ముందు వాటికి దెల్ఫినా నూనె రాస్తే, తుడుచుకోడానికి సిగ్గుపడుతూ చొక్కాకి అంటకుండా చేతులు ఎత్తి పట్టుకుని కూర్చున్నాడు.

వాళ్ల కూతురు అనాహీ వయసు పదిహేను. పాటల బృందంతో కలిసి కచేరీ కోసం వారం ముందే శాంత క్రూజ్ వెళ్లిపోయింది. ఒంటరిగా పాడాల్సిన పిల్లకి జ్వరం వస్తే, బృందానికి పాట నేర్పే ఉబాల్దో మాస్టారు ఆ పాట అనాహీకి ఇచ్చాడు. అలా, ఊరి గుడిలో జరగాల్సింది మహానగరంలో, కుర్చీకి కుర్చీకి నంబరు వేసిన థియేటర్లో వచ్చి పడింది. ఆ సంగతి తెలిసినప్పటినుంచీ బెర్నబే పెదవులు కదులుతున్నాయి.

*

దెల్ఫినా చెల్లెలు రెమెదియోస్ ఆ నగరంలో ఇవెత్ అనే గొప్పింటి ఆవిడ దగ్గర పదకొండేళ్లుగా వంట చేస్తోంది. ఆ ఇంటి వెనక గదిలోనే అక్కాబావల బస. టికెట్లు కూడా ఆ అమ్మగారే తెప్పించింది. మూడు పక్కపక్కనే, ఒకటి వేరే వరుసలో. ఆ వేరేది ఎవరిదో ఎవరూ అడగకుండానే తేలిపోయింది.

"ఇది వేసుకో," అంటూ రెమెదియోస్ తన నీలం లంగా, తెల్ల జాకెట్టు మంచం మీద పడేసింది.

దెల్ఫినా తను తెచ్చుకున్న తిపోయ్ గౌను తీసి చూపించింది. మెడ చుట్టూ ఎర్ర అంచు, కొత్తగా కుట్టించింది. "ఇది బాలేదా?"

"బానే ఉంది, ఊళ్లో. ఇక్కడ అది వేదిక మీద పిల్లలు వేసుకుంటారు. కింద నువ్వు వేసుకుంటే నువ్వూ పాడతావేమోనని చూస్తారు." రెమెదియోస్ నవ్వి బావకేసి తిరిగింది. "నువ్వేంటి బావా, ఆ మూల గోడతో మాట్లాడుతున్నావు?"

"జవాబు వల్లిస్తున్నాడు," అంది దెల్ఫినా.

రెమెదియోస్ నవ్వు ఆగిపోయింది. "ఎక్కడ చెప్పడానికి?"

దెల్ఫినా తన గౌను మడతపెట్టసాగింది.

"బావా, నా మాట విను. అక్కడ దగ్గొస్తే మింగేస్తారు జనం. రేడియోవాళ్లు మైకులు పెడతారు. నువ్వు మధ్యలో లేచి కేకేశావనుకో, తాగొచ్చాడని బయటికి నడిపిస్తారు. రేపు అమ్మగారి స్నేహితులంతా నన్నే అడుగుతారు, ఆ లేచినవాడు మీ బావేనటగా అని."

"నేను లేవకపోతే పిల్ల నిలబడే ఉంటుంది కదమ్మా," అన్నాడు బెర్నబే, ఆ ఒక్కటీ తప్ప తనకి ఇంకేం తెలీదన్నట్టు.

"మాస్టారు చెయ్యి ఊపుతాడు, వెనక్కెళ్తుంది. అందరూ వెళ్లట్లా?"

అప్పుడే రెమెదియోస్ ఫోన్ మోగింది. అనాహీ. దెల్ఫినా తీసుకుని రెండు చేతులతో చెవికి ఆనించుకుంది. తిన్నావా, గొంతు ఎలా ఉంది, కాళ్లు నొప్పులా అని అన్నీ అయ్యాక పిల్ల అడిగింది. "నాన్న ఎక్కడ కూర్చుంటాడమ్మా?"

"ముందు వరుసల్లోనే."

"కనబడేలా కూర్చోమను."

ఆ గొంతులో బెదురు విన్నాననుకుంది దెల్ఫినా. తన బెదురే అక్కడ వినబడిందని ఆమెకి అప్పుడు తోచలేదు. "నాన్న ఏం చెయ్యడులే, నువ్వేం భయపడకు. నేను చూసుకుంటా," అంది.

"సరే," అంది అనాహీ.

ఫోన్ ఇచ్చేసి దెల్ఫినా మొగుడి ఎదురుగా కూర్చుంది. "దానికీ ఇష్టం లేదయ్యా. గొంతులోనే తెలుస్తోంది. నీకు దండం పెడతా, పదిమందిలో దాని పరువు తియ్యకు."

బెర్నబే తన వేళ్ల పగుళ్లని ఒకదాని తర్వాత ఒకటి చూసుకున్నాడు. "మా నాన్న నాకోసం లేచాడు," అన్నాడు. "నేను పాడిందేమో కప్ప అరిచినట్టుంది. అయినా లేచాడు. ఆ తర్వాత మళ్లీ పాడనిచ్చారా ఏంటి నన్ను? అయినా ఆ రోజు…" మిగతాది చెప్పడం చేతకాక ఆగిపోయాడు. "సరే. పాట అయ్యాక వెనక్కి తిరిగి నీకేసి చూస్తా. తల ఊపితే లేస్తా, లేకపోతే లేదు."

భారమంతా మర్యాదగా ఆమె నెత్తిన పెట్టి, బూట్లకి పాలిష్ వెయ్యడానికి పెరట్లోకి వెళ్లాడు.

*

సాయంత్రం ఆరింటికి థియేటర్ నిండిపోయింది. దెల్ఫినాకి ఒక పక్క ఇవెత్ అమ్మగారు, ఇంకో పక్క రెమెదియోస్. మూడు వరుసల ముందు బెర్నబే మెడ కనబడుతోంది. కాలర్ దాకా గుండీలు పెట్టుకున్నాడు, మెడ ఎర్రగా కంది ఉంది. చెల్లెలి జాకెట్టు చంకల్లో బిగిసి దెల్ఫినా ఊపిరి సగం సగమే పీలుస్తోంది.

అమ్మగారు చెడ్డ మనిషి కాదు. కార్యక్రమం కాగితంలో అనాహీ పేరు వెతికి, వేలితో చూపించి, "ఇదిగో మీ అమ్మాయి. ఎంత గర్వంగా ఉందో మీకు!" అంది. దెల్ఫినా తల వంచుకుని నవ్వింది. గర్వం కంటే ముందు, ఆ కాగితం పట్టుకున్న తన గోళ్లలో పిండి ఏమైనా మిగిలిందా అని చూసుకుంది.

పిల్లలు వచ్చారు. తెల్ల తిపోయ్‌లలో నలభై మంది, వయొలిన్లు పట్టుకున్నవాళ్లు ఓ పక్క. మొదటి రెండు పాటలు అందరూ కలిసి పాడారు. మూడోదానికి క్రిస్పిన్ అనే కుర్రాడు ముందుకొచ్చి ఒంటరిగా పాడాడు. చప్పట్లు మొదలయ్యేలోపే, దెల్ఫినా వెనక నుంచి కుర్చీ మడత చప్పుడైంది.

"ఈ గొంతు మా ఇంటిది," అంది ఒక ముసలి కంఠం పాత భాషలో.

తిరిగి చూడక్కర్లేకుండానే దెల్ఫినాకి తెలిసింది. ఇసిదోరా అవ్వ. క్రిస్పిన్ నాయనమ్మ. తమ వీధికి అవతలి వీధి. ఊళ్లో నూతి దగ్గర ఎన్నిసార్లు ఒకరి నెత్తికి ఒకరు బిందె ఎత్తారో లెక్కలేదు.

జనం తలలు తిప్పారు. ఎక్కడో ఒక అమ్మాయి కిసుక్కున నవ్వింది. టార్చిలైటు పట్టుకుని ఒక కుర్రాడు నడవలో గబగబా వచ్చి, ఏం చెయ్యాలో తెలీక ఆగాడు. అవ్వ తొందరపడలేదు. తన మొగుడి పేరు చెప్పింది, మనవడి పేరు చెప్పింది, తప్పులు తన మీద వేయమంది, కూర్చుంది. వేదిక మీద క్రిస్పిన్ మొహం విప్పారింది. తన వరుసలోకి గెంతుతూ వెళ్లాడు. అప్పుడు చప్పట్లు పడ్డాయి, కొంత జాలిగా.

"చూశావా," అని రెమెదియోస్ అక్క చెవిలో గొణిగింది. "బావ చేస్తే ఇదే."

అమ్మగారు దెల్ఫినా వైపు వంగింది. ఆమె కళ్లలో వెటకారం లేదు, కుతూహలమే ఉంది. "ఎవరావిడ? మీ ఊరామేనా? మీకు తెలుసా?"

"లేదమ్మా," అంది దెల్ఫినా. "తెలీదు."

అంత సులువుగా నోట్లోంచి జారిపోయింది. చెమట పట్టిన నుదురు తుడుచుకుంటున్నట్టు చేత్తో మొహం కప్పుకుంది.

ఆ తర్వాత అనాహీ ముందుకొచ్చింది.

పిల్ల పాడుతున్నంతసేపూ దెల్ఫినా ఏం విందో ఆమెకే తెలీదు. ఇంట్లో మొక్కజొన్న పొట్టు చెరుగుతూ పాడే గొంతే, కానీ అక్కడ పైకప్పుకి తగిలి పెద్దదై కిందికి దిగుతోంది. ఒకచోట ఊపిరి చాలక స్వరం కొంచెం వణికింది. దెల్ఫినా కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. స్వరం మళ్లీ నిలబడింది. పాట అయిపోయింది.

అనాహీ కదల్లేదు. చేతులు ముందు కట్టుకుని, దీపాల వెలుగుకి కళ్లు చికిలించి, జనంలోకి చూస్తూ నిలబడింది. ఉబాల్దో మాస్టారు కూడా చేతులు దించి ఆగాడు. చెయ్యి ఊపలేదు.

మూడు వరుసల ముందు బెర్నబే కుర్చీలోంచి సగం లేచి వెనక్కి తిరిగాడు. అతని కళ్లు వరుసలన్నీ వెతుక్కుంటూ వచ్చి దెల్ఫినా దగ్గర ఆగాయి. ఆ మొహంలో బతిమాలుకోవడం తప్ప ఇంకేం లేదు. ఆమె పక్కన అమ్మగారు ఉంది. ఆయనెందుకు లేచాడని అడగబోతోంది కాబోలు.

దెల్ఫినా తల అడ్డంగా ఊపింది.

బెర్నబే కూర్చున్నాడు. అంత పెద్ద మనిషీ ఒక్కసారిగా కుర్చీలో చిన్నవాడైపోయాడు. చప్పట్లు మొదలై, పిల్ల ఇంకా నిలబడే ఉండడం చూసి సద్దుమణిగాయి. హాల్లో గుసగుసలు. అనాహీ చూపు ఒక వైపు నుంచి ఇంకో వైపుకి నెమ్మదిగా వెళ్లి, మళ్లీ వచ్చింది. ఒక పిల్ల పదిమందిలో నిలబడి తన మనిషి కోసం వెతుక్కోవడం దెల్ఫినా చూస్తోంది. ఆ మనిషిని ఆపింది తనే. ఇప్పుడు తల నిలువుగా ఊపాలనిపించింది. కానీ బెర్నబే మళ్లీ తిరగలేదు. పోనీ తను లేద్దామా అంటే, జాకెట్టు బిగుతు, అమ్మగారి మోచెయ్యి, ఇందాక ఆడిన అబద్ధం, అన్నీ కలిసి ఆమెని కుర్చీకి కట్టేశాయి.

వెనక కుర్చీ మడత మళ్లీ చప్పుడైంది.

"ఈ గొంతు మా ఇంటిది," అంది ఇసిదోరా అవ్వ. "మెలితోన్ సుపెపీ మనవరాలు అనాహీ సుపెపీది. మెప్పు దేవుడిది. తప్పులుంటే నా మీద వేయండి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. టార్చిలైటు కుర్రాడు గోడకి ఆనుకుని విన్నాడు. అనాహీ ఆ గొంతు వచ్చిన వైపు తలవంచి, వెనక్కి నడిచి వరుసలో కలిసిపోయింది.

"అనాహీ సుపెపీ అంది కదూ ఆవిడ?" అమ్మగారు కాగితం చూస్తూ అడిగింది. "మీ అమ్మాయి పేరు ఆవిడకెలా తెలుసు?"

దెల్ఫినా విననట్టు వేదికకేసి చూసింది. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. ఊళ్లోవాళ్లని చూసి సిగ్గుపడటం ఆమెకి ఆ సాయంత్రమే అలవాటైంది. ఈ సిగ్గు దాని కంటే పెద్దది, దీన్ని ఇంకొకరి మీదికి తోసెయ్యడానికి లేదు.

*

బయట మెట్ల దగ్గర తల్లిదండ్రులు గుంపుగా నిలబడ్డారు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి తమవాళ్ల మెడలకి చుట్టుకుంటున్నారు. దెల్ఫినా రొట్టెల బుట్ట ముందుకు పట్టుకుంది. అనాహీ వచ్చింది, వాళ్లని చూసింది, ఆగకుండా దాటి వెళ్లింది.

స్తంభం పక్కన ఇసిదోరా అవ్వ క్రిస్పిన్ భుజం మీద చెయ్యేసి నిలబడి ఉంది. అనాహీ ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుని తల వంచింది. జవాబు చెప్పినవాళ్ల దీవెనే ముందు తీసుకోవాలి, పిల్ల పద్ధతి తప్పలేదు. అవ్వ ఆ తల మీద చెయ్యి పెట్టి ఏదో అంది. పిల్ల నవ్వింది. ఆ తర్వాతే లేచి వీళ్ల దగ్గరికి వచ్చింది.

"నాన్నా, నువ్వు రాలేదనుకున్నా," అంది.

బెర్నబే దెల్ఫినా వైపు చూడలేదు. చూస్తే ఆమె భరించగలిగేదేమో. "వచ్చానమ్మా," అన్నాడు. "అంతమందిని చూసేసరికి కాళ్లాడలేదు. నాదే తప్పు."

అనాహీ తండ్రి పగిలిన వేళ్లని తన చేతుల్లోకి తీసుకుని, "పోన్లే నాన్నా," అంది. పెద్దవాళ్లు పిల్లల్ని ఓదార్చినట్టు.

చెప్పడానికి దెల్ఫినా నోరు తెరిచింది. ఇంతలో అమ్మగారు వచ్చి అనాహీని ముద్దుపెట్టుకుంది, రెమెదియోస్ ఫోటో తీస్తానంది. చెప్పకపోవడానికి కారణాలు ఎప్పుడూ చుట్టూ దొరుకుతాయి. ఫోటోలో దెల్ఫినా నవ్వింది కూడా.

*

ఇంటిమనిషి బతికుండగా వేరేవాళ్లు జవాబు చెబితే, ఆ ఇంటివాళ్లు వెళ్లి వాళ్ల దగ్గర ఒక రోజు పని చెయ్యాలి. ఊరికి తిరిగొచ్చిన మూడో రోజు బెర్నబే పార పట్టుకుని గుమ్మం దాటబోతే దెల్ఫినా ఆపింది.

"నేనెళ్తా. నువ్వెందుకు?"

అతను పార గోడకి ఆనించి, పెంకుల పనికి వెళ్లిపోయాడు.

ఇసిదోరా అవ్వ పెరట్లో మొక్కజొన్న దంచుతోంది. పెద్ద చెట్టు మొద్దు తొలిచిన రోలు, మనిషెత్తు రోకళ్లు రెండు. దెల్ఫినా రెండోది అందుకుని ఎదురుగా నిలబడింది. ఒకరి దెబ్బ పడి లేస్తుంటే ఇంకొకరి దెబ్బ పడాలి. చాలాసేపు ఆ చప్పుడు తప్ప ఏం లేదు. పిండి ఎగిరి ఇద్దరి ముంజేతులకీ అంటుకుంది. వీధిన పోయేవాళ్లు కంచె మీంచి చూసి, ఎందుకొచ్చిందో అర్థం చేసుకుని, పలకరించకుండా పోతున్నారు.

"ఎంత బలంగా కొడతావే, రోలు పగులుతుంది," అంది అవ్వ.

దెల్ఫినా రోకలి ఆపింది. "అవ్వా, థియేటర్లో ఆ గొప్పావిడ నన్ను ఒక మాట అడిగింది. నువ్వు తెలుసా అని."

"ఊఁ."

"తెలీదన్నాను."

అవ్వ రోట్లోకి చెయ్యి పెట్టి నలగని గింజల్ని పైకి తిప్పింది. "విన్నాను. నీ వెనక వరుసే కదా నాది. చెవులు ఇంకా పోలేదు."

"విని కూడా లేచావా?"

"నీకోసం లేచానా ఏంటి? నేను తెలీదని పిల్ల అనలేదుగా."

అవ్వ మళ్లీ రోకలెత్తింది. దించబోతూ ఆగింది. "బెర్నబే లేవబోవడమూ చూశా, నువ్వు తల తిప్పడమూ చూశా. పిల్లకి చెప్పావా?"

"లేదు. ఆయన తన మీద వేసుకున్నాడు."

"వేసుకుంటాడు, మంచోడు. నేనూ వేసుకున్నా, పిల్ల పాటలో తప్పులు. నీది నేను వేసుకోలేదమ్మాయ్. అది నువ్వే చెప్పుకో."

బడి వదిలారు. పుస్తకాల సంచీ భుజానికి తగిలించుకుని అనాహీ కంచె తలుపు తోసుకుని వచ్చింది. ఈ మూడు రోజులుగా బడి నుంచి నేరుగా ఇక్కడికే వస్తోంది. తల్లిని చూసి ఆగింది.

దెల్ఫినా చేతులకున్న పిండి కూడా దులుపుకోలేదు. "అనాహీ, మీ నాన్న లేవబోయాడు," అంది. "నా కేసి చూశాడు. నేనే వద్దన్నాను."

పిల్ల సంచీ పట్టీని పిడికిట్లో బిగించింది. "ఎందుకు?"

"సిగ్గేసింది."

"నా పాటకా?"

"కాదు. నువ్వు బాగా పాడావు. మనల్ని చూసి సిగ్గేసింది. మన భాష, మీ నాన్న చేతులు, అవ్వ, నేను. అన్నిటికీ."

ఆ మాట బయటికొచ్చాక పెరడంతా విన్నట్టుంది. అనాహీ ఏడవలేదు, అరవలేదు. అరిచినా బావుండేది. సంచీ తీసి అరుగు మీద పెట్టింది. అవ్వ ముందు తల వంచి దీవెన తీసుకుంది. అవ్వ తన రోకలి పిల్ల చేతికిచ్చి, నడుం పట్టుకుని వెళ్లి నీడలో చతికిలబడింది.

రోలుకి ఈ పక్క కూతురు, ఆ పక్క తల్లి. అనాహీ దంచడం మొదలుపెట్టింది. దెల్ఫినాకి ఎక్కడ అందుకోవాలో తెలీలేదు. తొందరపడి ఎత్తింది, రెండు రోకళ్లూ ఒకదానికొకటి తగిలి ఠక్కుమన్నాయి. ఇంకోసారి ఎత్తబోయి భయపడి దించేసింది.

అనాహీ రోకలి పైకెత్తి పట్టుకుని తల్లికేసి చూసింది. ఆ చూపులో క్షమించడం లాంటిదేం లేదు. రోకలి బరువుకి ఆమె చేతులు సన్నగా వణుకుతున్నాయి. అయినా దించలేదు. తల్లి దెబ్బ పడేదాకా అలాగే ఆగింది.